టీమ్ లీడ్ ‘మపెట్’ అన్నాడని హెచ్‌ఆర్‌కి ఫిర్యాదు చేయాలా?

మాంచెస్టర్‌లో కొత్త ఉద్యోగం, తప్పు ఫైల్ పంపితే టీమ్ లీడ్ నవ్వుతూ ‘యూ మపెట్’ అన్నాడు, ఇది అవమానమేనా అని అడిగారు. కాదండీ. మపెట్ అంటే ఇక్కడ తెలివితక్కువవాడు అని ఆటపట్టించే మాట. మిమ్మల్ని తమలో కలుపుకున్నారు, సంతోషించండి. ఇక్కడివాళ్లు దగ్గరివాళ్లనే ఇలా తిడతారు.

నేను మాంచెస్టర్ దగ్గర బోల్టన్‌లో ఉంటాను. ఓ శనివారం జోరు వానలో మా పక్కింటి పెద్దాయన సగం సరుకులు దించి కారు డిక్కీ మూసేశాడు. తాళం లోపలున్న కోటు జేబులో ఉండిపోయింది. రెండో తాళం కూడా అదే జేబులో! చేతిలో బంగాళదుంపల సంచితో తడిసి ముద్దై నిలబడ్డాడు. ఆయన భార్య ఇంట్లో చెప్పులతోనే గుమ్మంలోకి వచ్చింది, కారు వంక చూసింది, ఆయన వంక చూసింది. ‘ఓ, యూ డాఫ్ట్ ఏపత్’ అంటూ తువ్వాలు తెచ్చి తనే ఆయన తల తుడిచింది. డాఫ్ట్ అంటే తెలివితక్కువ, ఏపత్ అంటే అర పెన్నీ ఖరీదు చేసేది. ఆ అర పెన్నీ నాణేన్ని 1984లోనే రద్దు చేశారు, తిట్టు మాత్రం ఉత్తర ఇంగ్లండ్ ఇళ్లలో ఇంకా చెల్లుతోంది. మా అమ్మమ్మ ‘ఓరి వెర్రిబాగులోడా’ అని అన్నం కలిపి పెట్టేది. అచ్చం అదే గొంతు.

స్కాట్లండ్ వెళ్తే ఇలాంటి తెలివితక్కువవాణ్నే ‘నంప్టీ’ అంటారు. అదే అర్థమున్న ‘ప్లాంకర్’ని దేశమంతా నోటికెక్కించింది 1981లో మొదలైన బీబీసీ సీరియల్ ‘ఓన్లీ ఫూల్స్ అండ్ హార్సెస్’. అందులో డెల్ బాయ్ అనే అన్న తన తమ్ముడు రోడ్నీని అనే మాట అది. తమ్ముడి మీద ప్రాణం పెట్టుకునే అన్న!

మన ఐఈఎల్‌టీఎస్ కోచింగుల మీద నాకు కోపం అందుకే. ఇక్కడ ఎవరూ వాడని ‘రైనింగ్ క్యాట్స్ అండ్ డాగ్స్’ బట్టీ పట్టిస్తారు, రోజూ చెవిన పడే ఈ మాటలు ఒక్కటీ చెప్పరు. పిల్లలు ఇక్కడికొచ్చి అనవసరంగా టెన్షన్ పడతారు.

అదే ‘మపెట్’ని రోడ్డు మీద ఎవడో కారు అద్దం దించి అరిస్తే మాత్రం అది తిట్టే. ఇంకో సంగతి, మీటింగులో ఎవరైనా చల్లగా ‘విత్ రెస్పెక్ట్’ అని మొదలుపెడితే అప్పుడు కంగారు పడండి. వెనకాల వచ్చేదంతా మీ మాట కొట్టేయడానికే.

మీ టీమ్ లీడ్ మళ్లీ మపెట్ అంటే నవ్వి ‘టేక్స్ వన్ టు నో వన్’ అనండి. నీలాంటివాడికే నాలాంటివాడు తెలుస్తాడని. పై మేనేజరుతో మాత్రం కొన్నాళ్లు ఆగి అనండి.