టెక్ సందేహాలు: మన మీద వారెంటు ఉందో లేదో ఫోన్లో తెలుస్తుందా?

ప్రశ్న: కొన్నేళ్ల కిందట అలిపిరి స్టేషన్లో ఒక గొడవ కేసులో నా పేరు రాశారు. బెయిలు వచ్చాక రెండు వాయిదాలకు వెళ్లి మానేశాను. ఇప్పుడు ఎన్‌బీడబ్ల్యూ (నాన్ బెయిలబుల్ వారెంటు) ఉందంటున్నారు. స్టేషన్‌కు వెళ్లకుండా చూసుకోవచ్చా? (చంద్రగిరి పాఠకుడు)

చూసుకోవచ్చు. కాకపోతే పేరు కొడితే వారెంట్లు బయటపడే పేజీ ఏదీ మనకు లేదు. ముందు కేసును పట్టుకోవాలి, అందులో వారెంటు సంగతి ఎక్కడో ఒక వాక్యంలో ఉంటుంది. ప్లే స్టోర్‌లో 'ఈకోర్ట్స్ సర్వీసెస్' యాప్ వేసుకోండి. లేదంటే బ్రౌజర్లో సర్వీసెస్ డాట్ ఈకోర్ట్స్ డాట్ గవ్ డాట్ ఇన్ తెరవండి. రెండింటికీ డబ్బు కట్టక్కర్లేదు, లాగిన్ కూడా అక్కర్లేదు. డబ్బు అడిగిందంటే అది అసలుది కాదు.

రాష్ట్రం ఆంధ్రప్రదేశ్ ఎంచుకున్నాక చాలామంది జిల్లా దగ్గరే ఆగిపోతారు. తిరుపతి జిల్లా 2022 ఏప్రిల్ 4న ఏర్పడింది. కోర్టుల లెక్కలో మాత్రం పాత జిల్లా పేర్లే నడిచాయి. కాబట్టి ముందు చిత్తూరు ఎంచుకుని, కోర్ట్ కాంప్లెక్స్ దగ్గర తిరుపతి తీసుకోండి. గూడూరు, సూళ్లూరుపేట వైపు కేసులైతే నెల్లూరు కింద చూడండి. వెతుకులాట ఒక్కో కాంప్లెక్సులో విడివిడిగానే జరుగుతుంది. తిరుపతిలో దొరకలేదంటే అసలు కేసే లేదని కాదు, శ్రీకాళహస్తిలోనో పుత్తూరులోనో ఉండొచ్చు.

చేతిలో ఎఫ్ఐఆర్ నంబరు ఉంటే పని సులువు. 'ఎఫ్ఐఆర్ నంబర్' ట్యాబ్‌లో స్టేషన్ పేరు, నంబరు, ఎఫ్ఐఆర్ నమోదైన సంవత్సరం ఇవ్వండి. నంబరు తెలియకపోతే 'పార్టీ నేమ్' ట్యాబ్ ఉంది. అందులో కనీసం మూడక్షరాల పేరు, సంవత్సరం ఇవ్వాలి. ఇక్కడ సంవత్సరం అంటే గొడవ జరిగిన ఏడాది కాదు, కోర్టు కేసుకు నంబరు వేసిన ఏడాది. చార్జిషీటు ఆలస్యమైతే 2018 గొడవ 2020 కేసు అవుతుంది. అందుకే ముందూ వెనకా ఒకటి రెండేళ్లు వెతకండి. పేరు మొత్తం కొట్టొద్దు. సుబ్రహ్మణ్యం అనే పేరును ఒక గుమస్తా 'హెచ్' పెట్టి ఎక్కిస్తారు, ఇంకొకరు పెట్టరు. ఇంటిపేరు ఒకచోట ముందు, మరోచోట చివర ఉంటుంది. మొదటి నాలుగైదు అక్షరాలతో సరిపెట్టుకుంటే మేలు.

కింద పెండింగ్, డిస్పోజ్డ్, బోత్ అనే మూడు గుండ్రాలుంటాయి. తప్పకుండా 'బోత్' నొక్కండి. నలుగురు నిందితుల్లో ఒకరు రాకపోతే కోర్టు ఆ ఒక్కరి కేసును విడదీసి కొత్త నంబరు వేస్తుంది. మనిషి ఎంతకీ దొరకకపోతే కేసు ఎల్‌పీసీ రిజిస్టరులోకి, అంటే దీర్ఘకాలంగా తేలని కేసుల్లోకి వెళ్తుంది. అలాంటప్పుడు పాత నంబరు డిస్పోజ్డ్ అని చూపిస్తుంది. అది చూసి 'హమ్మయ్య, కొట్టేశారు' అనుకునేవాళ్లు తక్కువేం కాదు. కొట్టేసింది మిగతా ముగ్గురి మీద కేసు కావచ్చు, మీది విడిగా బతికే ఉండొచ్చు.

కేసు తెరిచాక కిందికి జరిపితే కేస్ హిస్టరీ వస్తుంది. అందులో 'బిజినెస్ ఆన్ డేట్' వరుసలోని తేదీలు నొక్కితే తెరుచుకుంటాయి. ఆ రోజు కోర్టులో ఏం జరిగిందో రెండు ముక్కల్లో ఉంటుంది: 'ఏ1 కాల్డ్ ఆబ్సెంట్. నో రిప్రజెంటేషన్. ఇష్యూ ఎన్‌బీడబ్ల్యూ ఎగెనెస్ట్ ఏ1.' అంటే మొదటి నిందితుడు (ఏ1) పిలిస్తే రాలేదు, అతని తరఫునా ఎవరూ లేరు, ఎన్‌బీడబ్ల్యూ ఇవ్వండి అని. మీకు కావలసింది ఈ వాక్యమే. ఒక్క ఎన్ అక్షరం లేక బీడబ్ల్యూ అని మాత్రమే ఉంటే అది బెయిలబుల్. దాని వెనక ఎంత మొత్తానికి, ఎందరు జామీనుదారులో కోర్టే రాసి పంపుతుంది. పూచీకత్తు ఇస్తే పోలీసులే వదలాలి. ఎన్‌బీడబ్ల్యూలో ఆ వెసులుబాటు లేదు. దానికి గడువు తీరిపోవడమూ లేదు. కోర్టు రద్దు చేసేదాకా లేదా అమలయ్యేదాకా అది ఉంటుంది, దేశంలో ఎక్కడైనా అమలు చేయొచ్చు.

పైన ఆ కేసుకు గుర్తింపుగా ఇచ్చే 16 అక్షరాల సీఎన్ఆర్ నంబరు కనిపిస్తుంది. దాన్ని రాసిపెట్టుకోండి, మళ్లీ ఈ వెతుకులాట ఉండదు. యాప్‌లో 'మై కేసెస్'లో చేర్చుకుంటే వాయిదా తేదీ మారినప్పుడల్లా రిఫ్రెష్ చేసి చూసుకోవచ్చు. ఒక హెచ్చరిక: సిబ్బంది ఎక్కించిందే అక్కడ కనిపిస్తుంది. నిన్నటి ఆర్డరు ఇవాళ కనిపించకపోవచ్చు, కొన్ని తేదీల కింద ఏమీ రాయకుండానే వదిలేస్తారు. అనుమానం తీరకపోతే వకీలు చేత కోర్టు రికార్డు చూపించుకోవడమే దారి.

ప్రశ్న: వారెంటు ఉందని తేలింది. ఆన్‌లైన్లో డబ్బు కట్టి తీసేయించుకునే వీలుందా? (పాకాల నుంచి)

లేదు. యాప్ పని చూపించడం వరకే. ఎన్‌బీడబ్ల్యూ రీకాల్ (రద్దు) కావాలంటే మనిషి కోర్టులో నిలబడాలి. వకీలు వకాలత్ వేసి, కొత్త క్రిమినల్ విధాన చట్టమైన బీఎన్ఎస్ఎస్ 72(2) కింద పిటిషన్ పెడతారు. 2024 జులై 1కి ముందు నుంచి నడుస్తున్న కేసుల్లో పాత చట్టమైన సీఆర్‌పీసీ 70(2) అనే రాస్తుంటారు, సారం ఒకటే. పిటిషన్లో ఎందుకు రాలేదో కారణం చెప్పాలి. ఆసుపత్రి కాగితాలో, ఊరు మారిన ఆధారమో ఉంటే జతచేయండి. ఆధార్, ఫోటోలు, ఆధార్‌తో వచ్చే జామీనుదారులు, వాళ్ల ఇంటి పన్ను రసీదో పొలం పాసుపుస్తకమో సిద్ధంగా ఉంచుకోండి. ముందు ఇచ్చిన బాండు జప్తు చేసి ఉంటే పాత జామీనుదారులకూ నోటీసులు వెళ్తాయి, వాళ్లకు ముందే చెప్పండి.

ఏ రోజు వెళ్లాలన్నదీ ముఖ్యమే. యాప్‌లో 'కాజ్ లిస్ట్' (ఆ రోజు విచారణకు వచ్చే కేసుల జాబితా) తెరిచి ఆ కోర్టు ఆ రోజు నడుస్తోందో లేదో, జడ్జి సెలవులో ఉండి ఇన్‌చార్జి కోర్టుకు పంపుతున్నారేమో వకీలుతో సరిచూసుకోండి. శుక్రవారం సాయంత్రం, వరుస సెలవుల ముందు రోజు మంచిది కాదు. ఉదయం పిలుపు వేళకే హాల్లో ఉండాలి. మొదటిసారి తప్పిన వాయిదా అయితే ఖర్చులు వేసి, కొత్త బాండు తీసుకుని వదిలేయడం మామూలే. పదేపదే ఎగ్గొట్టిన వాళ్లను రిమాండుకు పంపే అధికారమూ కోర్టుకు ఉంది. ఒంటరిగా వెళ్లొద్దని అందుకే అంటున్నాం. వకీలును పెట్టుకునే స్తోమత లేకపోతే 15100కి ఫోన్ చేయండి, అది న్యాయసేవల నంబరు. మహిళలకు, ఎస్సీ ఎస్టీలకు, వికలాంగులకు ఆదాయంతో పని లేకుండా ఉచితంగా వకీలును ఇస్తారు.

రీకాల్ అయ్యాక అసలు పొరపాటు జరిగేది ఇక్కడే. కోర్టు రద్దు చేసిన కాగితం స్టేషన్‌కు చేరకపోతే, స్టేషన్ రిజిస్టర్లో వారెంటు అలాగే ఉంటుంది. రద్దయిన వారెంటు మీదే ఒక వకీలును అరెస్టు చేసిన ముంబయి కేసులో సుప్రీంకోర్టు 2011లో గట్టిగా మందలించి, కోర్టులూ స్టేషన్లూ వారెంట్ల రిజిస్టరు నడపాలని, రద్దు సంగతి వెంటనే తెలపాలని చెప్పింది. మీ వంతుగా ఆ రోజే సర్టిఫైడ్ కాపీకి అప్లికేషన్ పెట్టండి, రీకాల్ సమాచారం స్టేషన్‌కు వెళ్లిందో లేదో కోర్టు కానిస్టేబుల్ని అడగండి. కాపీ వచ్చాక ఒక ఫోటో ఫోన్లో ఉంచుకోండి. యాప్ స్క్రీన్‌షాట్ చూపించి 'రద్దయింది సార్' అంటే కానిస్టేబుల్ నమ్మాలనేం లేదు, ఎందుకంటే ఆ వెబ్‌సైటే తన సమాచారం సర్టిఫైడ్ కాపీకి సమానం కాదని రాసుకుంది.

ప్రశ్న: వాట్సాప్‌లో సుప్రీంకోర్టు ముద్రతో అరెస్టు వారెంటు పీడీఎఫ్ వచ్చింది, వీడియో కాల్‌లో 'డిజిటల్ అరెస్టు' అంటున్నారు. (తిరుచానూరు నుంచి)

కాల్ కట్ చేయండి. డిజిటల్ అరెస్టు అన్నది ఏ చట్టంలోనూ లేదు. సమన్లు ఎలక్ట్రానిక్ రూపంలో రావొచ్చని కొత్త చట్టం అంటున్నా, అరెస్టు వీడియో కాల్‌లో జరగదు, ఏ కోర్టూ 'విచారణ ఖాతా'కు డబ్బు బదిలీ చేయమనదు. ఆ కాగితంలో కేసు నంబరు, కోర్టు పేరు ఉంటే ఈకోర్ట్స్‌లో వెతకండి. కేసు నంబరు లేకుండా గీతల సంతకమూ గుండ్రటి ముద్రా మాత్రమే ఉంటే ఇక చూడనక్కర్లేదు. చలానా అనో, వారెంటు చూడండి అనో ఏపీకే ఫైలు (ఫోన్లో యాప్ ఎక్కించే ఫైలు) పంపితే నొక్కొద్దు. నొక్కేసి ఉంటే ముందు మొబైల్ డేటా ఆపి, బ్యాంకుకు వేరే ఫోన్ నుంచి చెప్పండి. డబ్బు పోయి ఉంటే 1930కి వెంటనే ఫోన్ చేయాలి. ఆలస్యమయ్యే కొద్దీ ఆ సొమ్ము ఖాతాలు మారిపోతుంది.

ప్రశ్న: మా అబ్బాయి టెక్సస్‌లో చదువుతున్నాడు. స్పీడింగ్ టికెట్ మీద కోర్టు తేదీ మరిచిపోయాడు. 'బెంచ్ వారెంట్' వేస్తారంటున్నారు. ఇక్కడి నుంచి చూడొచ్చా? (చిత్తూరు తల్లి)

అమ్మా, అక్కడ దేశమంతటికీ ఒకే వారెంటు వెబ్‌సైటు ప్రజలకు లేదు. ఎన్‌సీఐసీ అనే జాతీయ డేటాబేస్ పోలీసులకే. టికెట్ మీద ఏ కోర్టు పేరుందో ఆ కోర్టు సైటులోనే చూడాలి: మున్సిపల్ కోర్టా, కౌంటీ జస్టిస్ కోర్టా అన్నది అక్కడే రాసి ఉంటుంది. సైటేషన్ (టికెట్) నంబరు, పుట్టిన తేదీ అడుగుతుంది. టెక్సస్‌లో మామూలు స్పీడింగ్ క్లాస్ సీ నేరం, జైలుశిక్ష ఉండదు, జరిమానాయే. 2017 నుంచి అక్కడి చట్టం ప్రకారం వారెంటు అమలు కాకముందే మనిషి తనంతట తాను వచ్చి కేసు తేల్చుకోవడానికి సిద్ధపడితే కోర్టు ఆ వారెంటును వెనక్కి తీసుకోవాలి. కాబట్టి బాబును ఆ కోర్టు క్లర్కుకు ఈ వారమే ఫోన్ చేయమనండి. నంబరు కోర్టు సైటులోదే వాడాలి. 'షెరీఫ్ ఆఫీసు' అని చెప్పి గిఫ్ట్ కార్డులు కొనమనే ఫోన్లు అక్కడా చాలానే ఉన్నాయి. వీసా ఫారాల్లో అరెస్టుల గురించి అడిగే ప్రశ్న ఉంటుంది కనుక, చెల్లింపు రసీదూ, కేసు ముగిసిన కాగితమూ పారేయకుండా దాచుకోమనండి.