ఈటీ1లో టిక్ పెట్టని జాతి వివక్షను ఇప్పుడు చేర్చవచ్చా?

మీ ప్రశ్న ఇదీ: యూకేలో ఉద్యోగం అన్యాయంగా తీసేశారని ఈటీ1 (ఎంప్లాయ్‌మెంట్ ట్రిబ్యునల్‌లో కేసు వేసే ఫారం) వేశారు, జాతి వివక్ష దగ్గర టిక్ పెట్టలేదు. ఇప్పుడు చేరుద్దామంటే కంపెనీ లాయరు గడువు దాటిందంటున్నాడు. ఇక దారి లేదా?

ఉందండి. ముందు మీ ఫారంలో 8.2 గడిలో ఏం రాశారో తీరిగ్గా చదవండి. మేనేజర్ అన్న మాటలు, మిగతావాళ్లకో రూలు మీకో రూలు, ఇలాంటివి అక్కడే ఉంటే సగం పని అయినట్టే. ఉన్న సంగతులకే కొత్త పేరు పెడుతున్నారంతే. అసలు ఊసే లేని సంఘటనలైతే గడువు గట్టిగా అడ్డొస్తుంది. అయినా అదొక్కటే తేల్చేయదు.

1996 నాటి సెల్కెంట్ కేసు నుంచీ ట్రిబ్యునల్ చూసేది ఒకటే: సవరణకు ఒప్పుకుంటే కంపెనీకెంత ఇబ్బంది, ఒప్పుకోకపోతే మీకెంత నష్టం. సవరణ ఎలాంటిది, గడువులో ఉందా, ఎప్పుడు ఎలా అడిగారు అన్నవన్నీ ఆ తూకంలోకే వస్తాయి. అది టిక్కులు పెట్టుకుంటూ పోయే లిస్టు కాదని, నిజంగా ఎవరికేం జరుగుతుందో చూడాలని 2020లో వాన్ కేసులో అప్పీల్ ట్రిబ్యునల్ చెప్పింది.

నా కేసులో ఇరుపక్షాలూ డాక్యుమెంట్లు ఇచ్చిపుచ్చుకున్నాకే ఒక హెచ్‌ఆర్ ఈమెయిల్ బయటపడింది. ఆ వారమే సవరణకు అప్లికేషన్ పెట్టాను. వీడియో హియరింగ్‌లో వాళ్ల బారిస్టర్ సాక్ష్యం పాతబడిందని చాలాసేపు వాదించాడు. జడ్జి ఒక్కటే అడిగారు: "డిస్మిసల్ గురించి చెప్పడానికి ఆ మేనేజర్ ఎలాగూ వస్తున్నారు కదా, ఇంకెవరిని పిలవాలి?" ఆయన ఒక్క పేరూ చెప్పలేకపోయాడు. ఆ పాయింట్ ఒప్పుకున్నారు. కంపెనీలోంచి వెళ్లిపోయిన పాత టీమ్ లీడ్ మీద పెట్టిన పాయింట్ మాత్రం కొట్టేశారు. నోటిమాటలు తప్ప రికార్డేమీ లేదు, ఆయనెక్కడున్నాడో తెలియదు. కోపం వచ్చిన మాట నిజమే, కానీ అన్యాయమని అనలేను.

"రేసు వివక్ష కూడా కలపండి" అని ఒక్క లైను ఈమెయిల్ పంపితే పని జరగదు. ఎవరు, ఎప్పుడు, ఏం చేశారు, ఈక్వాలిటీ యాక్ట్ 2010లో ఏ సెక్షన్ (నేరుగా వివక్షకు 13, వేధింపుకు 26) అన్నది పేరాగా రాయండి. పాత ఈటీ1 కాపీలో కొత్త వాక్యాలకు కింద గీత పెట్టి జత చేయండి. ఆలస్యమెందుకో దాచకుండా చెప్పండి. కాపీ అవతలి పక్షానికీ పంపాలి. వాళ్ల మాట వినకుండా జడ్జి తేల్చరు. గుర్తొచ్చిన ప్రతి అవమానమూ కలిపితే మాత్రం బలమైన పాయింట్ కూడా పలచబడుతుంది. అదే యజమాని మీద సవరణకు మామూలుగా కొత్త ఏకాస్ (కేసుకు ముందు రాజీకి ప్రయత్నించే సంస్థ) సర్టిఫికెట్ అక్కర్లేదు.

మనవాళ్లకు పనికొచ్చే కేసు ఒకటుంది: చంధోక్ వర్సెస్ టిర్కీ. బీహార్ నుంచి వచ్చిన ఆదివాసీ పనిమనిషి కేసులో కులాన్ని జాతి వివక్షలో భాగంగా, సవరణగానే చేర్చారు. దాన్ని తీసేయించాలని యజమానులు చేసిన ప్రయత్నం 2014 డిసెంబరులో అప్పీల్ ట్రిబ్యునల్‌లో వీగిపోయింది. తమాషా ఏంటంటే, ఈటీ1 ఊరికే కేసు మొదలుపెట్టే కాగితం కాదని జస్టిస్ లాంగ్‌స్టాఫ్ అన్నదీ ఆ తీర్పులోనే. కంపెనీ లాయర్లు సవరణలను అడ్డుకోవడానికి చూపించేది ఆ మాటే, మీకూ చూపిస్తారు.

సవరణ ఒప్పుకున్నాక వచ్చే 'లిస్ట్ ఆఫ్ ఇష్యూస్'లో (ట్రిబ్యునల్ తేల్చాల్సిన ప్రశ్నల జాబితా) మీ పాయింట్ ఉందో లేదో చూసుకోండి, లేకపోతే వెంటనే ట్రిబ్యునల్‌కు రాయండి. 8.2లో రాసినది పేర్లు తీసేసి ఇక్కడ పెడితే చూసి చెప్తాను.