బెర్లిన్‌లో వీగన్ భోజనానికి లక్షా పదివేలు అక్కర్లేదు

ప్రశ్న: మేమిద్దరం హనుమకొండలో టీచర్లం. మూడేళ్లుగా వీగన్లం, పాలు, పెరుగు, నెయ్యి, తేనె ఏవీ ముట్టం. దసరా సెలవుల్లో 8 రోజులు బెర్లిన్ వెళ్తున్నాం. టికెట్లకి, గదికి డబ్బు సిద్ధంగా ఉంది. తిండి సంగతే టెన్షన్. ట్రావెల్ ఏజెంట్ 'ఇండియన్ మీల్స్' కలుపుకోమంటున్నారు, ఇద్దరికీ 1,10,000 రూపాయలు. దీనికోసం ఐదు నెలలు సిప్ ఆపాలా, ఎఫ్‌డీ తీసేయాలా?

జవాబు: రెండూ వద్దండీ. అసలు ఆ మీల్సే వద్దు.

ముందు ఒక్క మాట అడగండి ఏజెంట్‌ని, ఆ భోజనం వీగనా, వెజిటేరియనా అని. ఇలాంటి ప్యాకేజీల్లో సాధారణంగా పెట్టేది పనీర్ కూర, నెయ్యి రాసిన రొట్టె, పెరుగు, గులాబ్ జామూన్. అవన్నీ పక్కన పెట్టేస్తే మీ పళ్లెంలో అన్నం, పప్పు మిగులుతాయి, ఆ పప్పు తాలింపు కూడా నెయ్యితో వేసిందో ఏమో. లక్షా పదివేలు కట్టి ఇంట్లో రోజూ తినే పప్పన్నం తినడానికి అంత దూరం వెళ్లడమెందుకు? పైగా విదేశీ టూర్ ప్యాకేజీ ధర పెరిగితే దాని మీద టీసీఎస్, అంటే ఏజెంట్ మీ దగ్గర ముందే వసూలు చేసే ఆదాయపు పన్ను, కూడా ఆ మేరకు పెరుగుతుంది. రిటర్న్ వేసినప్పుడు సర్దుబాటు అవుతుంది గానీ అప్పటిదాకా మీ డబ్బు అక్కడ ఇరుక్కున్నట్టే.

ఇక ఊరి సంగతి. బెర్లిన్‌లో వీగన్ తిండి కోసం వెతుక్కోవాల్సిన పని పెద్దగా ఉండదు. 2011లోనే పూర్తి వీగన్ సూపర్‌మార్కెట్ తెరిచిన ఊరది. నాయ్‌కోల్న్ అనే పేటలో జొన్నెన్‌అలే అని పెద్ద రోడ్డు ఉంది, అరబ్బు దుకాణాలు వరసగా ఉంటాయి. అక్కడ ఫలాఫెల్ తినండి. నానబెట్టిన శనగలు కొత్తిమీర వేసి రుబ్బి, మన మసాలా వడలా నూనెలో వేస్తారు. మీ కళ్ల ముందే తీసి, పల్చటి రొట్టెలో పెట్టి చిదిమి, పుదీనా, టమాటా, బీట్‌రూట్ నీళ్లలో ఊరి గులాబీ రంగెక్కిన టర్నిప్ ముక్కలు వేసి చుట్టి ఇస్తారు. అంతా బాగానే ఉంటుంది, సాస్ దగ్గరే చూసుకోవాలి. వెల్లుల్లి సాస్, ఆకుల సాస్ అనేవాటిలో పెరుగు ఉండొచ్చు, నువ్వుల సాస్ అడగండి. అది కూడా పెరుగు కలపకుండా చేసిందేనా అని ఒక మాట కనుక్కోండి.

వియత్నామీ హోటళ్లు కూడా చాలా ఉన్నాయి. 1980లలో తూర్పు జర్మనీకి కార్మికులుగా వచ్చిన వియత్నామీలలో వేలమంది అక్కడే స్థిరపడ్డారు. టోఫు, అంటే సోయా పనీర్, కూరలు, నూడుల్స్ చాలా బాగుంటాయి. చేపల సాస్ వేయొద్దని మాత్రం ముందే చెప్పాలి.

ఖర్చు తగ్గేది ఎక్కడంటే, వంటగది ఉన్న గదిలో. గది ఇంకా ఖాయం చేయకపోతే, హోటల్ వదిలి చిన్న వంటగది ఉన్న అపార్ట్‌మెంట్ చూడండి. పొద్దున టిఫిన్, సగం రాత్రుల భోజనం అక్కడే అయిపోతాయి. సూపర్‌మార్కెట్లో పదార్థాల జాబితా చూడటం సులువే, ఎందుకంటే యూరోపియన్ యూనియన్ నిబంధన ప్రకారం పాలు, గుడ్డు వంటి 14 అలర్జీ పదార్థాలను ఆ జాబితాలో మిగతా అక్షరాల కన్నా కొట్టొచ్చినట్టు, ఎక్కువగా బోల్డ్‌లో, అచ్చు వేయాలి. పాలను మిల్ష్ అంటారు, గుడ్డు ఐ. తేనె, అంటే హోనిష్, ఆ 14లో లేదు కాబట్టి బోల్డ్‌లో ఉండదు, దాన్ని మీరే వెతుక్కోవాలి. ఓట్స్ పాల డబ్బా మీద 'పాలు' అని ఉండదు, మొక్కల పాలను ఆ పేరుతో అమ్మకూడదని 2017లో యూరోపియన్ కోర్టు చెప్పింది. 'హాఫర్ డ్రింక్' అని ఉంటుంది. ఆవు పాల మీద 7 శాతం పన్ను ఉంటే దీని మీద 19 శాతం, ఈ తేడా నాకు అన్యాయంగానే అనిపిస్తుంది. అయినా లిడ్ల్ అనే చవక సూపర్‌మార్కెట్ 2023 అక్టోబరులో జర్మనీలో తన సొంత వీగన్ బ్రాండ్ వేమోండో సరుకుల్లో చాలావాటి ధర, అలాంటి పాలు, మాంసం సరుకుల ధరకు సమానం చేసింది. మొదటి రోజు అక్కడికే వెళ్లండి.

ఆదివారం మాత్రం జాగ్రత్త. సూపర్‌మార్కెట్లు దాదాపు అన్నీ మూసేస్తారు, సెంట్రల్ స్టేషన్ లాంటి పెద్ద రైల్వే స్టేషన్లలోవి తప్ప. శనివారం సాయంత్రమే సరుకులు తెచ్చుకోకపోతే ఆకలి మీద ఏదో ఒకచోట దూరి డబ్బు పోగొట్టుకుంటారు, రుచీ ఉండదు.

ఇంటి నుంచి కందిపొడి, కరివేపాకు పొడి, అటుకులు పట్టుకెళ్లండి. అటుకులు నానబెట్టి తాలింపు వేస్తే పది నిమిషాల్లో టిఫిన్. బంధువులెవరైనా నేతి సున్నుండలు ఇచ్చి పంపుతామంటే వద్దనండి, పాలతో చేసినవి మన దేశం నుంచి అక్కడికి తీసుకెళ్లనివ్వరు. పచ్చి కరివేపాకు, తాజా కాయగూరలు కూడా వద్దు.

ఇప్పుడు లెక్క. ఇవి నా అంచనాలు, కాస్త ఎక్కువే వేశాను. ఇద్దరికీ గదిలో టిఫిన్ రోజుకు 6 యూరోలు, 8 రోజులకు 48. మధ్యాహ్నం బయట 18 చొప్పున 144. నాలుగు రాత్రులు గదిలో వంటకు 12 చొప్పున 48. మిగతా నాలుగు రాత్రులు మంచి వీగన్ రెస్టారెంట్లో, టిప్‌తో కలిపి 45 చొప్పున 180. ఇక్కడ పిసినారితనం వద్దు, మీ ప్రయాణంలో గుర్తుండేవి ఆ నాలుగు రాత్రులే. కాఫీలకు రోజుకు 9 చొప్పున 72. మొత్తం 492, అత్యవసరానికి కొంత కలిపి 570 యూరోలు. యూరో 110 రూపాయలు వేసుకున్నా 62,700. ఏజెంట్ చెప్పినదానికన్నా 47,300 తక్కువ.

కార్డు విషయంలో నేను ఒకసారి దెబ్బతిన్నాను. బెర్లిన్‌లోనే ఒక హోటల్లో బిల్లు కడుతుంటే మెషీన్ మీద యూరోలా, రూపాయలా అని వచ్చింది. రూపాయలైతే లెక్క తెలుస్తుంది కదా అని అదే నొక్కాను, వాళ్ల సొంత రేటు వేసి ఎక్కువ లాగేశారు. మీరు ఎప్పుడూ యూరోలే నొక్కండి. మామూలు క్రెడిట్ కార్డుకు 3.5 శాతం మార్కప్ (విదేశీ కరెన్సీ ఖర్చు మీద బ్యాంకు వేసే రుసుము), దాని మీద 18 శాతం జీఎస్టీ ఉందనుకోండి, 62,700 మీద దాదాపు 2,600 రూపాయలు పోతాయి. ఇద్దరికీ ఒక పూట భోజనం, కాఫీ డబ్బు అది. ఫారెక్స్ మార్కప్ లేని కార్డు ఒకటి ఇప్పుడే తీసుకోండి. ఓ 200 యూరోలు నగదుగా ఉంచుకోండి, చిన్న ఫలాఫెల్ దుకాణాల్లో చాలాచోట్ల కార్డు తీసుకోరు. నీళ్లకు ఒక సీసా పట్టుకెళ్లండి, కుళాయి నీళ్లు నిక్షేపంగా తాగొచ్చు. ప్లాస్టిక్ సీసా కొంటే 25 సెంట్లు డిపాజిట్ వేస్తారు, పారేయకుండా సూపర్‌మార్కెట్ మెషీన్లో వేస్తే ఆ డబ్బు తిరిగొస్తుంది.

సిప్ నడవనివ్వండి, ఎఫ్‌డీ కదపొద్దు. ఐదు నెలలుంది కాబట్టి ఇద్దరి జీతాల్లోంచి కలిపి నెలకు 12,600 పక్కన వేస్తే చాలు, పడగానే మళ్లిపోయేలా విడిగా ఒక సేవింగ్స్ ఖాతా పెట్టుకోండి. ఆ ఖాతా ఏటీఎం కార్డు మాత్రం ఇంట్లోనే బీరువాలో పెట్టేయండి. ఈలోపు ఏజెంట్‌తో మీల్స్ తీసేసిన కొత్త కొటేషన్ రాతపూర్వకంగా తీసుకోండి. అందులో గది రేటు పెంచినట్టు కనిపిస్తే ఆ కాగితం నాకు పంపండి, చూసి చెప్తాను.