శిక్షణలో పోయిన మీ చిన్న ముత్తాత వివరాలు ఎలా వెతకాలంటే

శ్రీకాకుళం

చిరంజీవి మనవడికి ఆశీస్సులు.

నీ ఉత్తరం, ఫోటో నకలు చేరాయి. మీ ముత్తాతగారి తమ్ముడు రెండో ప్రపంచ యుద్ధ కాలంలో విమానదళంలో చేరి, శిక్షణలో ఉండగానే ప్రమాదంలో పోయాడని రాశావు. ‘యుద్ధంలో చనిపోలేదు కాబట్టి ఎక్కడా రికార్డు ఉండదేమో’ అనీ అన్నావు. ముందు ఆ మాట మనసులోంచి తీసెయ్యి. కామన్వెల్త్ యుద్ధ సమాధుల సంఘం 1939 సెప్టెంబరు 3 నుంచి 1947 డిసెంబరు 31 దాకా సైనిక సేవలో ఉండి మరణించిన వాళ్లందరినీ యుద్ధ మృతులుగానే లెక్కించింది. శత్రువు గుండు తగిలిందా, విమానం నేల కూలిందా, జ్వరం వచ్చిందా అని వేరు చేయలేదు. బ్రిటన్ బాంబర్ దళం పోగొట్టుకున్న 55 వేల మందికి పైగా యువకుల్లో వేల మంది శత్రువు ముఖం చూడకుండానే శిక్షణ విమానాల్లో పోయారు. అమెరికా అయితే తన సొంత గడ్డ మీదే విమాన ప్రమాదాల్లో దాదాపు 15 వేల మందిని పోగొట్టుకుంది. మీ చిన్న ముత్తాత ఆ వరుసలోని మనిషే. ఆయనను తక్కువ చేసి మాట్లాడే హక్కు ఎవరికీ లేదు.

వెతకడం కంప్యూటర్ ముందు మొదలుపెట్టకు, ఇంట్లో మొదలుపెట్టు. మీ ఇంట్లో ఆయనకు ఆబ్దికం పెట్టేవారా? పెడితే ఏ మాసం, ఏ పక్షం, ఏ తిథి? పెద్దవాళ్లకు తేదీ గుర్తుండకపోయినా తిథి గుర్తుంటుంది. సంవత్సరం పేరు కూడా తెలిస్తే సగం పని అయినట్టే. 1942 ఉగాదికి చిత్రభాను, 1943కి స్వభాను, 1944కి తారణ, 1945కి పార్థివ మొదలయ్యాయి. ఆ ఏటి పంచాంగం సంపాదిస్తే తిథి నుంచి ఇంగ్లీషు తేదీకి వెళ్లవచ్చు. ఒక జాగ్రత్త మాత్రం ఉంది. దూర దేశంలో పోయినవాళ్లకు కబురు తెలిసిన రోజునే తిథిగా పట్టుకున్న ఇళ్లు ఉన్నాయి. అందుకని నీకు దొరికిన తేదీకి ముందు వారం, పది రోజులు కూడా చూడు.

తరువాత పెట్టెలు తెరువు. నీకు కావలసింది అన్నిటికంటే ముందు సర్వీసు నంబరు. ఒకే పేరుతో పది మంది ఉంటారు, ఆ నంబరు మాత్రం ఒక్కరిదే. కొడుకు పోయాక తల్లికి పింఛను వచ్చి ఉంటే ఆ కాగితాల మీద ఉంటుంది. పతకం ఉంటే దాని అంచును భూతద్దంతో చూడు. భారత దళాలకు ఇచ్చిన పతకాల అంచు మీద సాధారణంగా నంబరు, హోదా, పేరు చెక్కేవారు. మెరుపు కోసం చింతపండు పెట్టి తోమవద్దని అమ్మమ్మకు గట్టిగా చెప్పు, అక్షరాలు అరిగిపోతాయి.

పాత కాగితాల మీద ఊరి చిరునామా చూసి తికమక పడకు. శ్రీకాకుళం జిల్లా 1950లోనూ విజయనగరం జిల్లా 1979లోనూ ఏర్పడ్డాయి. ఆ రోజుల్లో ఇదంతా మద్రాసు రాష్ట్రంలోని విశాఖపట్నం జిల్లాయే. 1936లో ఒరిస్సా వేరుపడక ముందు శ్రీకాకుళం, టెక్కలి వైపు గంజాం జిల్లాలో ఉండేవి. కాబట్టి 1930కి ముందు పుట్టిన మనిషి పుట్టుక వివరం ఒక జిల్లా పేరుతోనూ చావు వివరం మరో జిల్లా పేరుతోనూ ఉండవచ్చు. శ్రీకాకుళాన్ని తెల్లవాళ్లు చికాకోల్ అని రాసేవారు. మన ఇంటిపేరు ఒక్క పొడి అక్షరంగా మిగిలిపోయి, చివర ఉన్న రావో నాయుడో వంశనామంగా ఎక్కడం మామూలు. అందుకే పేరును నాలుగైదు రకాలుగా మార్చి మార్చి వెతుకు. ఆయన విజయనగరం మహారాజా కళాశాలలో చదివాడని మీ నాన్న అనుకుంటున్నారు కదా, అక్కడ పాత ప్రవేశ రిజిస్టర్లు చూడనిస్తారేమో మర్యాదగా అడుగు. తండ్రి పేరు, పుట్టిన తేదీ అందులో దొరకాలి.

ఈ వివరాలు చేతికి వచ్చాకే సమాధుల సంఘం జాబితాలో వెతుకు. దహనమైన మన వాళ్లకు సమాధులు ఉండవు. పేర్లు ఢిల్లీ, కరాచీ స్మారకాల్లోనో, సింగపూర్ క్రాంజీలోని స్మారకం మీదనో ఉంటాయి. కరాచీలో కనిపించిందని కంగారు పడకు, అప్పటికి దేశం ఒకటే.

ఫోటో వెనుక ఊరి పేరు ఉందన్నావు, అదేమిటో రాయలేదు. అది ముఖ్యం. కొత్తవాళ్లకు తొలి పాఠాలు లాహోర్ వాల్టన్‌లో జరిగేవి. ఆ తరువాత బేగంపేటలోనో జోధ్‌పూర్‌లోనో టైగర్ మాత్ అనే శిక్షణ విమానం మీద ఎగరడం నేర్పేవారు. అంబాలాలో హార్వర్డ్ అనే విమానం మీద మలి శిక్షణ ఉండేది. రిసాల్‌పూర్, పెషావర్ వైపు హరికేన్ లాంటి యుద్ధవిమానాలు అప్పగించేవారు. ఊరు తెలిస్తే ఆయన ఎంతవరకు వచ్చాడో, ఏ విమానంలో ఉన్నాడో అంచనా వేయవచ్చు. శిక్షణ యూనిట్ల దినచర్య పుస్తకాలు లండన్ దగ్గర క్యూ (Kew) అనే చోట ఉన్న బ్రిటిష్ జాతీయ అభిలేఖాగారంలో ‘ఏఐఆర్ 29’ (AIR 29) వరుసలో ఉన్నాయి. మన దగ్గర అయితే ఢిల్లీ సుబ్రతో పార్కులోని వైమానిక దళ రికార్డు కార్యాలయానికి రాయాలి. ఎలా రాయాలో జిల్లా సైనిక సంక్షేమ కార్యాలయంలో అడిగితే చెబుతారు. దరఖాస్తుతో పాటు బంధుత్వం చూపే కాగితం జతచెయ్యి.

ఇక నాకు బాధ కలిగించే సంగతి. రికార్డు దొరికితే అందులో ‘పైలట్ తప్పిదం’ అని ఉండవచ్చు. నేను విమానదళంలో ఇంజన్ల దగ్గర బతికినవాణ్ణి. ఆ రెండు మాటల వెనుక ఎంత దాగి ఉంటుందో నాకు తెలుసు. ఇరవై ఏళ్ల కుర్రవాడికి గురువు పక్కన ఉండగా పది గంటలో, కొంచెం అటూ ఇటూనో నేర్పి ఒంటరిగా పైకి పంపేవారు. టైగర్ మాత్‌కు చక్రాల బ్రేకులు లేవు. గురువు మాట వినడానికి ఒక గొట్టం ఉండేది, అంతే. యుద్ధం తొందర పెడుతున్నది, వాడి వాడి అరిగిన విమానాలు శిక్షణ బళ్లకు వచ్చేవి. నేల విడిచిన కాసేపటికే ఇంజన్ ఆగితే వెనక్కి తిరగాలనిపించడం మనిషి సహజం, ఆ మలుపులోనే విమానం పట్టు తప్పి పడుతుంది. మబ్బులో దిక్కు తెలియకపోవడం, రాత్రి దిగడం, గిరగిర తిరుగుతూ పడుతున్న విమానాన్ని నిలబెట్టలేకపోవడం, వీటికి ఎంతమంది బలయ్యారో. అలాంటి ప్రాణాన్ని ఒక గుమాస్తా రెండు మాటల్లో ముగించాడని ఆయన మీద నింద వేయకు.

దీనికి వ్యతిరేకమైన పొరపాటూ చేయకు. 1942 ఏప్రిల్ 6న జపాన్ విమానాలు విశాఖ మీద బాంబులు వేశాయి కాబట్టి, జపాన్ వాళ్లే మన వాడిని కూల్చారన్న కథ ఇంట్లో పుట్టి ఉండవచ్చు. కాగితం చెప్పనిది నువ్వు చెప్పవద్దు. దొరికినదాన్ని దొరికినట్టే రాయి. ముందు మీ అమ్మమ్మకు మెల్లగా చదివి వినిపించు, ఆ తరువాతే బంధువులందరికీ ఫోనులో పంపు.

సమాధుల సంఘం జాబితాలో ఆయన తల్లిదండ్రుల పేర్లు, ఊరు లేకపోతే ఆధారాలతో వాళ్లకు రాయవచ్చు, పరిశీలించి చేరుస్తారు. ఆ దరఖాస్తు నేను చూసిపెడతాను. ప్రస్తుతానికి ఫోటో వెనుక రాసిన దాన్ని పగటి వెలుగులో, దగ్గరగా ఫోటో తీసి పంపు. ఊరి పేరు పక్కన అంకెలు ఏమైనా ఉన్నాయేమో చూడు.

ఇట్లు,
మీ తాతయ్య స్నేహితుడు