ఉద్యోగం పోయింది... నాన్న దాచిన కామిక్స్ అమ్మాలా, ఇంకా కొనాలా?

ప్రశ్న: మాది హనుమకొండ. వయసు 41. హైదరాబాద్‌లో ఐటీ కంపెనీలో పనిచేసేవాణ్ని. మూడు నెలల కింద ఉద్యోగం పోయింది. కుటుంబంతో సహా సొంతింటికి వచ్చేశాం కాబట్టి కిరాయి బాధ లేదు. మా ఆవిడ ప్రైవేటు స్కూల్లో టీచర్, జీతం 22,000. ప్లాట్ ఈఎంఐతో కలిపి నెల ఖర్చు 48,000. బ్యాంకులో 3.5 లక్షలున్నాయి. ఇవి 13 నెలలు వస్తాయని నా లెక్క. జూన్‌లో ఇద్దరు పిల్లల ఫీజులు 60,000 కట్టాలి. మా బాపు రైల్వేలో చేసి రిటైరై, రెండేళ్ల కింద పోయారు. ఆయన దాచిన ఇంద్రజాల్ కామిక్స్ 260 దాకా, అమర్ చిత్ర కథలు 180 దాకా, బైండు చేయించిన చందమామలు 12 సంపుటాలు ఇంట్లో ఉన్నాయి. ఇవి కాక 2021లో నేను 4.2 లక్షలు పెట్టి, గ్రేడింగ్ చేసి (పుస్తకం స్థితికి పదికి ఇన్నని మార్కులు వేసి) ప్లాస్టిక్ పెట్టెలో సీలు వేసిన అమెరికన్ కామిక్స్ తొమ్మిది కొన్నాను. హైదరాబాద్‌లో ఒకాయన బాపువన్నీ గుత్తగా 1.6 లక్షలకు అడుగుతున్నాడు. నా స్నేహితుడేమో, ‘మార్కెట్ పడింది, ఇప్పుడే కొనాలె, ఒక మంచి కలెక్షన్ 2 లక్షలకు వస్తున్నది, వదిన బంగారం కుదువ పెట్టు’ అంటున్నాడు. అమ్మాలా? కొనాలా? మా అమ్మ, అక్క హనుమకొండలోనే ఉంటారు.

జవాబు: గుత్తగా ఇప్పుడు అమ్మకండి. బంగారం కుదువ పెట్టి కొనడం అసలే వద్దు. కొన్నింటిని మాత్రం ఈ నెల నుంచే, చిల్లరగా, నెమ్మదిగా అమ్మడం మొదలుపెట్టండి. ఎందుకంటున్నానో కామిక్స్ కంటే ముందు మీ ఇంటి లెక్కతో చెబుతాను, ఎందుకంటే అసలు చిక్కు అక్కడే ఉంది.

నెలకు 26,000 లోటు, బ్యాంకులో 3.5 లక్షలు, కాబట్టి 13 నెలలు అని మీరు లెక్కేశారు. మీ ఆవిడకు ఏప్రిల్, మే జీతాలు వస్తాయా? చాలా ప్రైవేటు స్కూళ్లలో పది నెలలకే జీతం. అదే నిజమైతే ఏడాదికి ఆమె ఆదాయం 2,20,000. ఖర్చు 5,76,000. లోటు 3,56,000, అంటే సగటున నెలకు 30,000కు కాస్త తక్కువ. పిల్లల ఫీజుల 60,000 పక్కన పెట్టాలి. ఉద్యోగంతో పాటు కంపెనీ ఇచ్చిన ఆరోగ్య బీమా కూడా పోయి ఉంటుంది. నలుగురికీ కలిపి పాలసీ తీసుకోవడానికి మరో 30,000 పక్కన పెట్టండి. 2025 సెప్టెంబరు 22 నుంచి వ్యక్తిగత ఆరోగ్య బీమా మీద జీఎస్టీ లేదు, ఆ మేరకు భారం తగ్గింది. ఇవి పోగా చేతిలో మిగిలేది 2.6 లక్షలు. అవి ఎనిమిదిన్నర, తొమ్మిది నెలల మధ్య అయిపోతాయి.

తొమ్మిది నెలలు తక్కువేం కాదు. మీ దగ్గరున్న అన్నింటికంటే విలువైన ఆస్తి ఆ వ్యవధే. ఎనుమాముల మార్కెట్‌కు పత్తి తెచ్చే రైతులను చూసే ఉంటారు. అప్పు నెత్తిమీదున్న రైతు ఆ రోజు ఏ ధర పలికితే ఆ ధరకు ఇచ్చి పోతాడు, అవసరం లేని రైతు బస్తాలు ఇంట్లో పెట్టి ఆగుతాడు. పత్తి అదే, చేతికొచ్చే పైసలు వేరు. కామిక్స్‌లో ఈ తేడా ఇంకా ఎక్కువ, ఎందుకంటే పత్తికి రోజూ కొనేవాడుంటాడు, 1960ల నాటి ఇంద్రజాల్ ఫాంటమ్ సంచికకు ఉండడు. దాని కోసం వెతికే మనిషి దొరికిన రోజే దానికి ధర. మాంద్యంలో ఆ మనిషి ఉద్యోగం కూడా ఊగిసలాడుతుంటుంది, అతనూ చేయి వెనక్కి తీసుకుంటాడు. బంగారం పెడితే బ్యాంకు త్వరగానే అప్పిస్తుంది, ఇంద్రజాల్ కట్ట పెడితే ఎవరూ ఇవ్వరు. అందుకే కామిక్స్‌ను ఆపద్ధనంగా లెక్కలో వేసుకోకూడదు.

మీ స్నేహితుడి మాటలో కొంత నిజం ఉంది, దాన్ని కొట్టిపారేయను. అమెరికాలో నిరుద్యోగం 10 శాతానికి దగ్గరగా ఉన్న 2010 ఫిబ్రవరిలోనే, సూపర్‌మ్యాన్ మొదటిసారి కనిపించిన 1938 నాటి యాక్షన్ కామిక్స్ మొదటి సంచిక 10 లక్షల డాలర్లకు అమ్ముడైంది. అదే నెలలో బ్యాట్‌మ్యాన్ తొలి కథ ఉన్న డిటెక్టివ్ కామిక్స్ 27వ సంచిక దాన్ని దాటి పోయింది. 2024లో యాక్షన్ కామిక్స్ మొదటి సంచిక మరో ప్రతి 60 లక్షల డాలర్లు పలికింది. ఇవి విన్నవాళ్లు మాంద్యంలో కామిక్స్ పడవని అనుకుంటారు. కానీ ఆ మొదటి సంచికలు ఇప్పుడు ప్రపంచం మొత్తం మీద వంద చుట్టుపక్కలే మిగిలాయని అంచనా. 10 సెంట్ల పుస్తకాన్ని చదివి పారేశారు కాబట్టే కొరత వచ్చింది.

రెండో వైపు కూడా చూడండి. 1991లో ఎక్స్‌మెన్ కొత్త వరుస మొదటి సంచిక 80 లక్షలకు పైగా ప్రతులు పోయింది. మరుసటి ఏడాది సూపర్‌మ్యాన్ చనిపోయే 75వ సంచిక కోసం దుకాణాల ముందు బారులు తీరారు. పిల్లల చదువులకు పనికొస్తాయని జనం కట్టలు కట్టలు కొని, కవరు విప్పకుండా దాచారు. అందరూ దాచినది ఎవరికీ అరుదు కాలేదు. ఆ బుడగ పగిలి దుకాణాలు మూతపడ్డాయి, 1996 డిసెంబరులో మార్వెల్ కంపెనీయే దివాలా కోర్టుకెక్కింది. ఆ సంచికలు ఈనాటికీ చవకగానే దొరుకుతాయి.

మీ 2021 కొనుగోలు ఏ కోవలోకి వస్తుందో మీరే చూసుకోవాలి. కరోనా కాలంలో ఇంట్లో కూర్చున్న జనం, చేతిలో ఉన్న డబ్బు, కొత్త సినిమాల ప్రకటనలు కలిసి ధరలను ఎక్కడికో తీసుకెళ్లాయి. స్పైడర్‌మ్యాన్ తొలి కథ ఉన్న 1962 నాటి సంచికలో 9.6 గ్రేడు ప్రతి 2011లో 11 లక్షల డాలర్లు, 2021 సెప్టెంబరులో 36 లక్షల డాలర్లు పలికింది. ఆ శిఖరం చూసి కొత్త సంచికలు కొన్నవాళ్లు 2022 నుంచి దెబ్బతిన్నారు. మీ తొమ్మిదింటిలో 1980కి ముందువి, మంచి గ్రేడు ఉన్నవి ఏవైనా ఉంటే వాటిని ఆపండి. సినిమా పేరు మీద పెరిగిన కొత్త సంచికలను, మన దేశంలోనే కొనేవాళ్లు దొరికితే, నష్టానికైనా వదిలేయండి. 4.2 లక్షలు పెట్టానన్న సంగతి కొనేవాడికి అక్కర్లేదు, మీరు కూడా ఆ అంకెను పట్టుకుని కూర్చోవద్దు. డాలర్ బలపడితే రూపాయల్లో కొంత ఊరట దొరకొచ్చు. 2008 జనవరిలో 40 రూపాయల లోపున్న డాలర్, 2009 మార్చికి 50 దాటింది. కానీ విదేశీ వేలానికి పంపాలంటే పార్సిల్ ఖర్చు, బీమా, వేలం సంస్థ రుసుములు ఉంటాయి. కొనేవాడి మీద పడే రుసుమే పెద్ద సంస్థల్లో 20 శాతం చుట్టుపక్కల ఉంటుంది, అతను దాన్ని లెక్కేసుకునే పాట పాడతాడు. చిన్న ధర పుస్తకానికి ఇది గిట్టుబాటు కాదు.

బంగారం సంగతి. 2 లక్షల మీద ఏడాదికి 10 శాతం మిత్తి అనుకున్నా 20,000. ఆ కలెక్షన్ ఏడాది తర్వాత మీ చేతికి నికరంగా 2.2 లక్షలు తెస్తే అసలుకు అసలు. వ్యాపారికి అమ్మితే అతను చిల్లర ధరలో సగానికి మించి ఇవ్వడం అరుదు, అంటే దాని చిల్లర ధర 4.4 లక్షలైనా ఉండాలి. ఆదాయం లేని ఇంట్లో ఇంత పెద్ద పందెం మీ ఆవిడ మెడలోని బంగారం మీద కాయొద్దని గట్టిగా చెబుతున్నాను. ఉద్యోగం దొరికి, ఆరు నెలల ఖర్చు బ్యాంకులో నిండాక, నెల జీతంలో మిగిలిన దాంతో ఒకటీ అరా కొనుక్కోండి. మాంద్యంలో మంచి పుస్తకాలు చవకగా వస్తాయన్నది నిజమే, కానీ ఆ లాభం అప్పు లేనివాళ్లది.

ఇక బాపు పెట్టె. ఇందులో మూడు రకాల పుస్తకాలున్నాయి, మూడింటి దారీ వేరు.

అమర్ చిత్ర కథలు 1967 నుంచి వస్తున్నాయి, ఇప్పటికీ అచ్చవుతూనే ఉన్నాయి. కాబట్టి ఎక్కువ సంచికలకు పాత పుస్తకం ధరే వస్తుంది, పాతదైనంత మాత్రాన పెరగదు. తొలి ముద్రణలే వేరు. అట్ట మీద అచ్చయిన ధర, వెనక ప్రకటనలు, చిరునామాలు చూస్తే ఏ కాలం ముద్రణో తెలుస్తుంది. అలాంటివి తీసి పక్కన పెట్టి, మిగతావి పదేసి, ఇరవయ్యేసి కట్టలుగా పిల్లలున్న ఇళ్లకు అమ్మండి. వేసవి సెలవుల ముందు వీటికి గిరాకీ బాగుంటుంది. మీరు ముందు అమ్మాల్సినవి ఇవే.

ఇంద్రజాల్ కథ వేరు. 1964 మార్చిలో ఫాంటమ్‌తో మొదలై 1990లో ఆగిపోయింది. కొత్తవి రావు, ఉన్నవి చెదలకు, పాత పేపర్ల కొట్లకు పోతున్నాయి. గుత్తగా అడుగుతున్నాయన కన్ను నా అంచనాలో వీటి మీదే ఉంది, మిగతావి బేరంలో కలిసి పోతాయని ఆయన లెక్క. ఒక రిజిస్టరు తీయండి. సంచిక సంఖ్య, నెల, ఏడాది, భాష రాయండి. అట్ట ఉందా, మధ్య పేజీ ఉందా, పిన్నులు తుప్పు పట్టి కాగితం తిన్నాయా, అద్దె పుస్తకాల దుకాణం ముద్ర ఉందా, పజిల్ పేజీలో ఎవరైనా పెన్నుతో నింపారా, అన్నీ రాయండి. అట్ట లేని ప్రతికి, అట్ట శుభ్రంగా ఉన్న ప్రతికి ధరలో పోలికే ఉండదు. వరుస సంఖ్యలు తెగకుండా ఉన్న భాగాలను విడదీయకండి, ఎందుకంటే తెగని వరుస కావాలనుకునేవాళ్లు దానికి బాగానే పెడతారు. చిరిగిన చోట సెల్లోటేపు వేయొద్దు. అది కొన్నేళ్లకు పసుపు మరక చేసి, ఉన్న ధరను కూడా చంపుతుంది.

చందమామ 1947 జులైలో నాగిరెడ్డి, చక్రపాణి మొదలుపెట్టినది. బైండింగులో చాలాసార్లు అంచులు కోసేస్తారు, అట్టలు తీసేస్తారు. అందుకని విడి సంచికల ధర సంపుటాలకు రాదు. అలాగని విడదీస్తే ఉన్నది కూడా పాడవుతుంది, ఆ పని చేయకండి. వడ్డాది పాపయ్య అట్టబొమ్మలు చెక్కుచెదరకుండా ఉన్న సంపుటాలుంటే వాటిని చివరి దాకా ఉంచండి.

ధర తెలుసుకునేటప్పుడు ఆన్‌లైన్‌లో అమ్మేవాళ్లు పెట్టిన అంకెలు చూసి మోసపోకండి. ఎవరైనా ఎంతైనా అడగొచ్చు. అమ్ముడుపోయిన ధరలే వెతకండి, కలెక్టర్ల గ్రూపుల్లో ఇద్దరు ముగ్గుర్ని అడిగి సరిచూసుకోండి. ‘డబ్బులు పంపుతున్నా, ఈ క్యూఆర్ కోడ్ స్కాన్ చేసి పిన్ కొట్టండి’ అని ఎవరన్నా ఫోన్ పెట్టేయండి. మనకు డబ్బు రావడానికి యూపీఐ పిన్ ఎప్పుడూ అవసరం లేదు. పొరపాటున డబ్బు పోతే ఆ క్షణమే 1930కి కాల్ చేయాలి. పన్ను విషయానికొస్తే, ఇంట్లో చదువుకోవడానికి కొన్న పుస్తకాలను సాధారణంగా వ్యక్తిగత వస్తువులుగా చూస్తారు. లాభానికి అమ్ముదామని కొన్న ఆ తొమ్మిదింటి లెక్క వేరు, వాటి బిల్లులు తీసి సీఏకి చూపించండి.

అమర్ చిత్ర కథలు, కొత్త అమెరికన్ సంచికలు చిల్లరగా అమ్మి నెలకు 8,000 వచ్చినా చాలు. నెల లోటు 22,000 లోపుకు దిగి, మీ 2.6 లక్షలు ఏడాది వస్తాయి. గుత్త బేరంలో వచ్చే 1.6 లక్షలు ఐదు నెలల పైచిలుకు ఖర్చుకు సరిపోతాయి, కానీ పెట్టె ఖాళీ అవుతుంది. ఇలా అయితే మూడు నెలలకు పైగా కలిసొచ్చి, ఇంద్రజాల్ మొత్తం ఇంట్లోనే ఉంటుంది. బ్యాంకులో లక్ష రూపాయలు మిగిలేసరికి ఉద్యోగం రాకపోతే అప్పుడు ఇంద్రజాల్ బేరానికి కూర్చోండి. ఈలోపు ఆ ప్లాట్ ఈఎంఐ గురించి బ్యాంకుతో మాట్లాడండి. కిస్తీ తప్పాక వెళ్లేకంటే ముందు వెళ్తే గడువు పెంచే వీలుంటుంది. నిజం చెప్పాలంటే, మీ ఇంట్లో అమ్మకానికి ఆలోచించాల్సింది కామిక్స్ కంటే ముందు ఆ ప్లాటేమో, దాని వివరాలు రాస్తే ఇంకో వారం మాట్లాడుకుందాం.

ఒక్క విషయం మీరు ఉత్తరంలో ఎత్తలేదు. బాపు వీలునామా రాయకుండా పోయి ఉంటే, హిందూ వారసత్వ చట్టం ప్రకారం ఆయన వస్తువుల్లో అమ్మకూ, అక్కకూ మీతో సమానంగా వాటా ఉంది. పుస్తకాలే కదా అనుకోకండి. కాజీపేట స్టేషన్ నుంచి బాపు తెచ్చిన సంచికలను అక్క కూడా చదివే పెరిగి ఉంటుంది. ఈ ఆదివారం ముగ్గురూ కలిసి పెట్టె తీయండి, రిజిస్టరు అక్కతో రాయించండి, ఆమె ఉంచుకోవాలనుకున్నవి ముందే తీసి ఇచ్చేయండి. హైదరాబాద్ ఆయనకు మాత్రం ఇవాళే ఫోన్ చేసి, జాబితా తయారయ్యాక సంచికల వారీగా ధర చెప్పమని అడగండి. అడ్వాన్సు ఇస్తానన్నా తీసుకోవద్దు.