నీ వ్యాసంలో నది ఒక్కసారే వచ్చింది

అమ్మాయీ,

నీ వ్యాసం అందిన రోజే చదివాను. జవాబు రాయడానికి పది రోజులు పట్టిందంటే తప్పు నీ వ్యాసానిది కాదు, నా బద్ధకానిది. ‘పొరుగు దేశాలు, మహిళా నేతలు’ అంటూ పెద్ద అంశమే తలకెత్తుకున్నావు. పన్నెండు పేజీల్లో ‘మహిళ’ అన్న మాట ముప్పై ఒక్కసారి వచ్చింది. ‘నది’ ఒక్కసారి. ‘ఖైదీలు’ ఒక్కసారి, అదీ తప్పుగా. ఈ లెక్కపెట్టడం నా చాదస్తం అనుకో, ఫరవాలేదు.

ముందు ఆ ఖైదీల సంగతి చూద్దాం. పాకిస్తాన్‌తో చేసుకున్న సిమ్లా ఒప్పందంతో ఇందిరాగాంధీ 1971 బంగ్లాదేశ్ యుద్ధంలో లొంగిపోయిన 93 వేల మంది పాకిస్తాన్ ఖైదీలను వదిలేశారని రాసి, దానికి ‘తల్లి మనసు’ అని వ్యాఖ్య తగిలించావు. 1972 జూలై 2 నాటి ఆ కాగితం తీసి చదువు. చిన్నదే, టీ చల్లారేలోపు అయిపోతుంది. సైన్యాలు వెనక్కి వెళ్ళడం అందులో ఉంది. జమ్మూ కశ్మీర్‌లో 1971 డిసెంబరు 17న కాల్పులు ఆగిన గీతను ఇద్దరూ గౌరవించాలని ఉంది. తగాదాలు మనిద్దరమే కూర్చుని తేల్చుకుందామని ఉంది. ఖైదీల గురించి మాత్రం ముందుముందు మాట్లాడుకుందామని ఉంది, అంతే. ఆ సైనికులు లొంగిపోయింది భారత్, బంగ్లాదేశ్ ఉమ్మడి కమాండ్‌కి. ఢాకాని పక్కనపెట్టి ఢిల్లీ వాళ్ళను పంపలేదు. బంగ్లాదేశ్‌ను గుర్తించడానికేమో పాకిస్తాన్ నేత భుట్టో 1974 ఫిబ్రవరి దాకా నాన్చారు. 1973 ఆగస్టులో ఢిల్లీలో ఇంకో ఒప్పందం కుదిరితే, ఖైదీలంతా ఇళ్ళకు చేరేసరికి 1974 ఏప్రిల్ వచ్చింది. తల్లి మనసు కోసం వెతికాను. రెండేళ్ళ బేరం కనబడింది. ఆ బేరం రాయి, చదువుతాను.

రెండో పేజీలో ‘అపర దుర్గ’ ఉంది, ఇందిరని వాజ్‌పేయి అలా అన్నారంటూ. ఆ మాట తాను అనలేదని ఆయనే తర్వాత చెప్పుకున్నారు. యాభై ఏళ్ళుగా అందరూ రాస్తున్నారు కాబట్టి నువ్వూ రాశావు. నేనూ రాశాను ఒకప్పుడు, దాచడమెందుకు. ప్రధాని అయిన కొత్తలో అదే ఇందిరని సోషలిస్టు నేత లోహియా ‘గూంగీ గుడియా’ అన్నారు, మూగబొమ్మ అని. బొమ్మ అన్నవాళ్ళది వెక్కిరింత, దుర్గ అన్నవాళ్ళది భక్తి. కానీ బొమ్మకీ దేవతకీ మంత్రివర్గం ఉండదు, అధికారులుండరు, ఖజానా లెక్కలుండవు. 1971లో ఆవిడకి అవన్నీ ఉన్నాయి. కోటికి దగ్గరగా శరణార్థులు సరిహద్దు దాటి వచ్చారు, ఆగస్టు 9న సోవియట్ యూనియన్‌తో ఒప్పందం కుదిరింది, శరదృతువులో పశ్చిమ దేశాల రాజధానులు తిరిగొచ్చారు. డిసెంబరు యుద్ధం వెనక ఇన్ని నెలల కసరత్తు ఉంటే, ఒక్క పురాణ విశేషణంతో దాన్ని మాయం చేస్తావా?

నా పాపం కూడా ఒకటి చెబుతాను. 2011 జూలైలో పాకిస్తాన్ తొలి మహిళా విదేశాంగ మంత్రి హినా రబ్బానీ ఖర్ ఢిల్లీ వచ్చారు. అప్పటికి ముప్పై నాలుగు కూడా నిండలేదు. ఆ రాత్రి నేను పనిచేసే పత్రికలో శీర్షిక పెట్టింది నేనే. ముత్యాల హారం, నల్ల కళ్ళజోడు, ఖరీదైన బిర్కిన్ సంచీ, అన్నీ ఆ శీర్షికలో ఉన్నాయి. ముంబయి దాడుల తర్వాత తెగిన మాటలు మళ్ళీ అతుక్కుంటున్న రోజులవి. నియంత్రణ రేఖ మీదుగా సరుకుల వ్యాపారాన్ని వారానికి రెండు రోజుల నుంచి నాలుగు రోజులకు పెంచుదామని ఆ సమావేశంలో అనుకున్నారు. అది లోపలి పేజీలో, కింద, ఒకే ఒక్క పేరాలో వచ్చింది. పక్కనే కూర్చున్న మన మంత్రి ఎస్.ఎం. కృష్ణ కోటు గురించి నేను ఒక్క మాటా రాయలేదని గుర్తు.

నువ్వు ఒక్క వాక్యంలో దాటేసిన సిరిమావో బండారనాయకే దగ్గర నేనైతే నాలుగు పేజీలు కూర్చునేదాన్ని. 1960 జూలైలో సిలోన్‌లో, అంటే ఇప్పటి శ్రీలంకలో, ఆవిడ ప్రపంచంలోనే తొలి మహిళా ప్రధాని అయ్యారు. ఆ సంగతి ఏ క్విజ్ పుస్తకమైనా చెబుతుంది. 1964 అక్టోబరు 30న లాల్ బహదూర్ శాస్త్రితో కుదుర్చుకున్న ఒప్పందం సంగతి చెప్పదు. సిలోన్ తేయాకు తోటల్లో తరతరాలుగా పనిచేసిన భారత సంతతి కూలీలు 1948 పౌరసత్వ చట్టంతో ఏ దేశానికీ చెందకుండా పోయారు. లెక్కకి 9,75,000 మంది. అందులో 5,25,000 మందిని భారత్ తీసుకోవాలి, 3,00,000 మందిని సిలోన్ ఉంచుకోవాలి. మిగిలిన లక్షన్నర? తర్వాత చూద్దామన్నారు. పదేళ్ళకి, 1974లో, సిరిమావో, ఇందిర కలిసి వాళ్ళను చెరి 75 వేలుగా పంచుకున్నారు.

కాసేపు ఇక్కడే ఆగు. అవతల పురుషుడున్నప్పుడూ పంపకమే, ఇద్దరూ స్త్రీలైనప్పుడూ పంపకమే. లక్షన్నరని రెండుతో భాగించడానికి ఆడా మగా తేడా లేదు. సంతకాలకి ముందు తోటల్లో ఎవరినీ ‘నీకెక్కడ ఉండాలనుంది’ అని అడగలేదు. ఇల్లలకగానే పండగ కాదుగా, పత్రం రాసుకున్నా జనం కదలడానికి ఏళ్ళు పట్టింది. సిలోన్ తీరంలో తలైమన్నార్‌లో ఓడెక్కి రామేశ్వరంలో దిగారు. తమిళనాడులోని మండపం శిబిరంలో పేర్లు రాయించుకున్నారు. కొందరిని నీలగిరుల్లో వీళ్ళ కోసమే 1968లో మొదలైన ప్రభుత్వ తేయాకు తోటలకు పంపారు. సముద్రం దాటొచ్చి మళ్ళీ అదే ఆకు. ఆకు కోసే చేతులు ఎక్కువగా ఆడవాళ్ళవే. నీ పన్నెండు పేజీల్లో ఆ స్త్రీలు ఒక్కరూ లేరు, ప్రధానులు మాత్రం ఆరుగురున్నారు.

బేనజీర్ భుట్టో గురించి రాసింది బాగుంది, ముఖ్యంగా పందొమ్మిదేళ్ళ పిల్లగా తండ్రి వెంట సిమ్లా రావడం. అయితే ఆ అమ్మాయిని అక్కడే వదిలేశావు. 1988 డిసెంబరు 31న ప్రధానులుగా ఆవిడ, రాజీవ్ గాంధీ ఉండగా ఇస్లామాబాద్‌లో ఇంకో కాగితం తయారైంది. ఒకరి అణుకేంద్రాల మీద మరొకరు దాడి చేయకూడదు, ఏటా జనవరి 1న ఆ కేంద్రాల జాబితాలు ఇచ్చిపుచ్చుకోవాలి. రెండేళ్ళు తిరక్కుండానే కశ్మీర్ మీద ఆవిడ ప్రసంగాలు నిప్పులు కక్కాయి, ప్రభుత్వమూ పోయింది. తర్వాత కార్గిల్ వచ్చింది. 1992లో మొదలైన ఆ జాబితాల మార్పిడి మాత్రం ఆగలేదు. నాయకుల చిరునవ్వుల ఫొటోల కంటే ఇలాంటి నీరసమైన కాగితాల్లోనే కథ దొరుకుతుంది. విసుగు పుట్టించే పత్రాలను ఓపిగ్గా చదవడమే మన పనిలో సగం.

ఇక నది. 2011 సెప్టెంబరులో మన్మోహన్ సింగ్ ఢాకా వెళ్ళేటప్పుడు, మన దగ్గర్నుంచి బంగ్లాదేశ్‌లోకి పారే తీస్తా నది నీటి ఒప్పందం సిద్ధంగా ఉంది. వెంట వెళ్ళాల్సిన పశ్చిమ బెంగాల్ ముఖ్యమంత్రి మమతా బెనర్జీ చివరి క్షణంలో మానుకున్నారు. సంతకం జరగలేదు. నువ్వేమో దీన్ని ‘ఇద్దరు మొండి మహిళల మధ్య’ అని రాశావు. బంగ్లాదేశ్‌లో షేక్ హసీనా 1996లోనూ ప్రధానే. ఆ డిసెంబరు 12న మన ప్రధాని దేవెగౌడతో ముప్పై ఏళ్ళ గంగా జలాల ఒప్పందం చేసుకున్నారు. గంగ మీద ఫరక్కా బ్యారేజీ దగ్గర జనవరి నుంచి మే దాకా పది పది రోజుల లెక్క, 70 వేల క్యూసెక్కులు గానీ అంతకు తక్కువ గానీ ఉంటే చెరిసగం. అప్పుడు కలకత్తాలో ముఖ్యమంత్రిగా జ్యోతిబసు ఉన్నారు, కలిసొచ్చారు. 2011లో మమత ముఖ్యమంత్రి అయి నాలుగు నెలలు నిండలేదు. ఉత్తర బెంగాల్ రైతుకి ఎండాకాలం తీస్తా మీది గజల్‌డోబా బ్యారేజీ నీళ్ళే దిక్కు, ఢిల్లీ ప్రభుత్వానికి ఆవిడ పార్టీ ఎంపీలు కావాలి. అదే హసీనా, అదే పొరుగు. అటు ఒప్పందం అయింది, ఇటు కాలేదు. ‘మొండి’ అన్న ఒక్క మాట రాసి ఈ చిక్కుముడిని పారేశావు. ‘బేగమ్‌ల పోరు’ కూడా కొట్టేయి. బంగ్లాదేశ్‌లో ఖలీదా జియా, హసీనా పార్టీల తగాదాకి తలాక్ కేసు పేరులాంటి పేరెందుకు?

మొదటి మూడు పేజీలు తీసేసి మండపం నుంచో గజల్‌డోబా నుంచో మొదలుపెట్టి చూడు. నిడివి గురించి బెంగ వద్దు. రెండో ప్రతి పంపేటప్పుడు పక్కన చోటు వదిలి టైపు చెయ్యి, నా పెన్సిల్‌కి చోటు చాలడం లేదు.

ఉంటాను.

తా.క. ప్రధానుల కింద పనిచేసిన ఆడవాళ్ళ గురించి కూడా చదువు. 1949లో మన విదేశాంగ సర్వీసులోకి వచ్చిన తొలి మహిళ సి.బి. ముత్తమ్మ పదోన్నతి కోసం సుప్రీంకోర్టుకి వెళ్ళారు. ఆ సర్వీసులోని స్త్రీ పెళ్ళి చేసుకోవాలంటే ముందు ప్రభుత్వ అనుమతి తీసుకోవాలని నిబంధనల పుస్తకంలో ఒక వాక్యం ఉండేది. 1979లో జస్టిస్ కృష్ణయ్యర్ తీర్పు రాసేనాటికి ఇందిర పదకొండేళ్ళు ప్రధానిగా చేసి దిగిపోయారు. ఆ వాక్యం మాత్రం అప్పటికింకా పూర్తిగా దిగిపోలేదు.