డ్రిప్పు పైపుల్లో సున్నం పొర: ఏ యాసిడ్ వాడాలి? ఎంత వాడాలి?

ప్రశ్న: రెండెకరాల్లో చీనీ (బత్తాయి) తోట ఉంది. చెట్టుకు నాలుగు చొప్పున గంటకు 8 లీటర్ల డ్రిప్పర్లు పెట్టించాను. బోరు నీళ్లే ఆధారం. రెండేళ్లుగా డ్రిప్పర్ల మూతి దగ్గర తెల్లగా గట్టిపడి నీళ్లు సరిగా రావడం లేదు. యాసిడ్ పెట్టమని అందరూ అంటున్నారు. ఒకరు హైడ్రోక్లోరిక్ అంటే ఇంకొకరు సల్ఫ్యూరిక్ అంటారు, దుకాణంలో ఫాస్ఫారిక్ మంచిదన్నారు. పక్క తోట రైతు పాత బ్యాటరీ యాసిడ్ వాడాడు. హ్యూమిక్ యాసిడ్ వదిలినా పైపులు శుభ్రమవుతాయా? ఆకులు కూడా పసుపు పచ్చబడుతున్నాయి. మట్టి పరీక్షలో ఉదజని సూచిక (పీహెచ్, అంటే పులుపు, క్షార గుణాలను చెప్పే అంకె) 8.4 వచ్చింది. అదే యాసిడ్ పాదుల్లో పోస్తే భూమి బాగవుతుందా? – ఒక రైతు, గార్లదిన్నె మండలం, అనంతపురం జిల్లా

జవాబు: యాసిడ్ కొనే ముందు పైపులో పేరుకున్నది ఏమిటో తేల్చుకోండి. మూసుకుపోయిన డ్రిప్పరు ఒకటి విప్పి ఆ తెల్లటి పొర మీద నిమ్మరసం పిండండి. బుసబుసమని నురగ వస్తే అది సున్నం, అంటే కాల్షియం కార్బొనేట్. బోరు నీటిలో కరిగి ఉన్న బైకార్బొనేట్లు ఎండకు పైపు వేడెక్కినప్పుడు, డ్రిప్పరు మూతి దగ్గర నీరు ఆరినప్పుడు ఇలా గట్టిపడతాయి. దీనికి యాసిడే మందు. నురగ రాకుండా చేతికి జిగురుగా, పాకుడుగా తగిలితే అది నాచు, బాక్టీరియా పని. దానికి క్లోరిన్ శుద్ధి చేయాలి, యాసిడ్‌తో పోదు. మీరు రాసిన లక్షణాలను బట్టి మీది సున్నమే అనుకుంటున్నాను. అయినా నిమ్మకాయతో ఒకసారి చూసుకోండి.

మీ పనికి నేను చెప్పేది హైడ్రోక్లోరిక్ యాసిడ్. బజారులో 30 నుంచి 35 శాతం గాఢతతో దొరుకుతుంది, చవక. సున్నంతో కలిసినప్పుడు ఏర్పడే కాల్షియం క్లోరైడ్ నీటిలో పూర్తిగా కరిగి బయటికి పోతుంది. సల్ఫ్యూరిక్ కూడా బలమైనదే. కానీ అది సున్నం పొర మీద పడితే జిప్సం తయారవుతుంది, జిప్సం నీటిలో అంత తేలిగ్గా కరగదు. ఒక పొర తీసి ఇంకో పొర వేసినట్టవుతుంది. పైగా 98 శాతం సల్ఫ్యూరిక్ నీటిలో కలిపేటప్పుడు విపరీతమైన వేడి పుడుతుంది, చిమ్మిందంటే ఒళ్లు కాలుతుంది. ఫాస్ఫారిక్ యాసిడ్ (85 శాతం) మొక్కకు భాస్వరం ఇస్తుంది, అది దాని గుణం. మీలాంటి సున్నపు నీటిలో మాత్రం పులుపు తగ్గగానే కాల్షియం ఫాస్ఫేట్‌గా పేరుకునే ప్రమాదం ఉంది. ఖరీదు కూడా ఎక్కువ. నైట్రిక్ యాసిడ్ సున్నాన్ని బాగా కరిగిస్తుంది, కొంత నత్రజని కూడా ఇస్తుంది. అయితే దాని పొగలు ప్రమాదకరం, తేలిగ్గా దొరకదు.

పాత బ్యాటరీ యాసిడ్ జోలికి అసలు వెళ్లవద్దు. అది సల్ఫ్యూరిక్ యాసిడే, కానీ అందులో సీసం కలిసి ఉంటుంది. సీసం మట్టిలో చేరితే పోదు. బాత్‌రూములు కడిగే రంగు ద్రావణాలూ వద్దు. వాటిలో యాసిడ్ తక్కువ, సబ్బు, రంగు కలిసి ఉంటాయి.

ఎంత వాడాలన్నది మీ నీరే చెప్పాలి. ఎకరాకు ఇన్ని లీటర్లని ఎవరు చెప్పినా నమ్మవద్దు, ఒక బోరుకు సరిపోయిన మోతాదు పక్క బోరుకు సరిపోదు. ప్లాస్టిక్ బకెట్‌లో 10 లీటర్ల బోరు నీళ్లు తీసుకోండి. సూది తీసేసిన ప్లాస్టిక్ సిరంజితో ఒక్కొక్క మిల్లీలీటరు యాసిడ్ వేస్తూ, కర్రతో కలిపి, ఒక నిమిషం ఆగి పీహెచ్ కాగితం ముంచి చూడండి. మొదటి కొన్ని మిల్లీలీటర్లకు రంగు పెద్దగా మారదు, బైకార్బొనేట్లు యాసిడ్‌ను మింగేస్తుంటాయి. అవి అయిపోగానే పీహెచ్ ఒక్కసారిగా పడిపోతుంది. అందుకే చివర్లో అర మిల్లీలీటరు చొప్పున వేయండి. పీహెచ్ 4 దగ్గరకు వచ్చేసరికి ఎంత పట్టిందో రాసుకోండి.

మాటవరసకు 10 లీటర్లకు 10 మిల్లీలీటర్లు పట్టిందనుకుందాం. మీకు సుమారు 220 చెట్లు ఉంటాయి. చెట్టుకు గంటకు 32 లీటర్ల లెక్కన మొత్తం 7,040 లీటర్లు. యాసిడ్ వదిలేది 15 నిమిషాలే కాబట్టి ఆ సమయంలో పారే నీరు 1,760 లీటర్లు, కావలసిన యాసిడ్ సుమారు ఒకటిముప్పావు లీటరు. తోటను రెండు వాల్వులుగా తడుపుతుంటే ఒక్కోదానికి అందులో సగం. అయితే మీ డ్రిప్పర్లు చాలావరకు మూసుకుపోయి ఉన్నాయి, ఇప్పుడు పారే నీరు ఈ లెక్క కంటే తక్కువే ఉంటుంది. పది చోట్ల డ్రిప్పర్ల కింద గిన్నెలు పెట్టి నిజంగా ఎంత వస్తుందో కొలిచి, ఆ అంకెతో లెక్క వేయండి.

ముందు ఉత్త నీళ్లతో వెంచురి (డ్రమ్ములోని ద్రావణాన్ని పీల్చి డ్రిప్పు లైనులో కలిపే పరికరం) 15 నిమిషాల్లో ఎన్ని లీటర్లు పీలుస్తుందో చూసుకోండి. ప్లాస్టిక్ డ్రమ్ములో అన్ని లీటర్ల నీళ్లు పోసి, వాటిలోకి యాసిడ్‌ను సన్నటి ధారగా వదలండి. ఎప్పుడైనా నీళ్లలోకే యాసిడ్ పోయాలి, యాసిడ్‌లోకి నీళ్లు పోయకూడదు. ఇనుప ఎరువుల ట్యాంకు వాడవద్దు, తినేస్తుంది. యాసిడ్ ఫిల్టరు దాటిన తర్వాతే లైనులో కలవాలి. వదలడం మొదలయ్యాక చిట్టచివరి చెట్టు దగ్గరికి వెళ్లి డ్రిప్పరు నీటిలో పీహెచ్ కాగితం ముంచండి. అక్కడ కూడా 4 చూపిస్తేనే యాసిడ్ పైపంతా నిండినట్టు. వెంటనే మోటారు ఆపి 24 గంటలు అలాగే వదిలేయండి. మర్నాడు ముందు సబ్‌మెయిన్ (లేటరళ్లకు నీరిచ్చే పెద్ద పైపు) ఫ్లష్ వాల్వు, ఆ తర్వాత లేటరల్ పైపుల (డ్రిప్పర్లు ఉండే సన్న పైపుల) చివరి మూతలు విప్పి, తెల్లటి మడ్డి పోయి తేట నీళ్లు వచ్చేదాకా పారించండి. ఈ ఫ్లషింగ్ దగ్గరే చాలామంది బద్ధకిస్తారు. కరిగి ఊడిన పెచ్చులు పైపులోనే ఉండిపోతే వాటితోనే డ్రిప్పర్లు మళ్లీ మూసుకుంటాయి.

పొర మందంగా ఉంటే వారం తర్వాత ఇంకోసారి చేయండి. పూర్తిగా బిగుసుకుపోయిన డ్రిప్పర్లను మాత్రం విప్పి, బకెట్‌లో పలుచని యాసిడ్ నీళ్లలో నానబెట్టడమే మార్గం. పైపులోంచి చుక్క కూడా రాని చోటికి యాసిడ్ మాత్రం ఎలా చేరుతుంది? ఇకమీదట డ్రిప్పరు ఇచ్చే నీరు పదో వంతు తగ్గగానే యాసిడ్ శుద్ధి చేసుకోండి. ప్రతి తడికీ అక్కర్లేదు, చీనీ క్లోరైడును ఎక్కువ ఓర్చుకోలేదు. ఒక్కసారి చేసినప్పుడు చెట్టుకు చేరేది 8 లీటర్ల పులిసిన నీరు, దాన్ని మీ సున్నపు నేలే విరిచేస్తుంది. వేళ్లకు భయం లేదు.

యాసిడ్ పట్టుకునేటప్పుడు రబ్బరు చేతొడుగులు, కళ్లద్దాలు, నిండు చేతుల చొక్కా, బూట్లు తప్పనిసరి. గాలి వచ్చే వైపుకు వీపు పెట్టి నిలబడండి. బ్లీచింగ్ పౌడరు వాడిన డ్రమ్ములో యాసిడ్ పోయకండి, విషపు క్లోరిన్ వాయువు పుడుతుంది. ఒంటి మీద పడితే తడిసిన బట్టలు తీసేసి కనీసం 20 నిమిషాలు ధారగా నీళ్లు పోస్తూ ఉండాలి. కంట్లో పడినా అంతే, ఆపైన 108కి ఫోన్ చేయండి. పొరపాటున తాగితే వాంతి చేయించవద్దు. మిగిలిన యాసిడ్‌ను తాగునీళ్ల సీసాలో పోసి పంపుసెట్టు గదిలో పెట్టే అలవాటు చాలా తోటల్లో చూస్తున్నాను. దయచేసి అలా చేయకండి. కూలీలు, పిల్లలు దాహమేసి తీసేది ఆ సీసానే. సుప్రీంకోర్టు 2013లో ఇచ్చిన ఆదేశాల ప్రకారం కొనేటప్పుడు గుర్తింపు కార్డు చూపించాలి, దుకాణదారు రిజిస్టరులో రాసుకుంటాడు. ఆధార్ తీసుకెళ్లండి.

హ్యూమిక్ యాసిడ్ పేరులోనే యాసిడ్. మీకు ద్రావణంగా అమ్మేది ఎక్కువగా పొటాషియం హ్యూమేట్, అది క్షార గుణం ఉన్నది. సున్నాన్ని కరిగించదు సరికదా, పులుపు నీళ్లు తగిలితే విరిగి నల్లటి మడ్డిలా దిగి డ్రిప్పర్లకు అడ్డం పడుతుంది. ఫ్లషింగ్ పూర్తయి, పైపులో మామూలు నీళ్లు పారుతున్నాకే దాన్ని వదలండి.

ఇక పాదుల్లో యాసిడ్ పోయడం గురించి. ఎకరంలో ఆరంగుళాల లోతు మట్టి సుమారు 9 లక్షల కిలోలు ఉంటుంది. అందులో సున్నం ఒక్క శాతమే ఉన్నా 9,000 కిలోలు. దాన్ని కరిగించాలంటే ఇంచుమించు అంతే బరువు సల్ఫ్యూరిక్ యాసిడ్ కావాలి. డబ్బు పోతుంది, పోసిన చోట వేళ్లు కాలిపోతాయి, నేల మాత్రం మారదు. పశువుల ఎరువు, పచ్చిరొట్ట క్రమం తప్పకుండా వేయండి.

ఆకుల పసుపు సంగతి వేరు. ఈనెలు పచ్చగా ఉండి మధ్య భాగం పసుపు రంగుకు తిరిగి, కొత్త ఆకులు చిన్నవిగా, సన్నగా వస్తుంటే అది జింకు లోపం. సున్నపు నేలలో జింకు ఉన్నా వేరుకు అందదు, అందుకే ఆకు మీద ఇవ్వాలి. లీటరు నీటికి జింకు సల్ఫేట్ 5 గ్రాములు, మాంగనీసు సల్ఫేట్, మెగ్నీషియం సల్ఫేట్, ఫెర్రస్ సల్ఫేట్ రెండేసి గ్రాములు, బోరాక్స్ 1 గ్రాము, సున్నం 6 గ్రాములు, యూరియా 10 గ్రాములు కలిపి, చిగురు వచ్చి ఆకు విచ్చుకునే దశలో పిచికారీ చేయండి. సున్నాన్ని విడిగా నానబెట్టి వడకట్టి ఆఖరున కలపాలి, లేకపోతే నాజిల్ మూసుకుంటుంది. ముదిరిన ఆకుల మీద కొడితే ఫలితం ఉండదు. చిగురు వేసినప్పుడల్లా ఒకసారి కొట్టండి.